భయమేసినప్పుడు దేవుణ్ణి ఆశ్రయించడం పిల్లలకు ఎలా నేర్పాలి?

వానాకాలం రాత్రి ఉరిమి కరెంటు పోతే, నిజామాబాద్ జిల్లా కోటగిరి చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా పిల్లలు ముందు వెతుక్కునేది అమ్మ కొంగునే. ‘దేవుడు మనకు ఆశ్రయం’ అనే మాట వాళ్లకు అర్థమవడం మొదలయ్యేదీ అక్కడే. సండే స్కూల్లో కంఠస్థం చేసిన వాక్యం నిలబడాలంటే, ఆ రాత్రి ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని బతికి చూపాలి. క్రైస్తవ కుటుంబాలు ఇంట్లోనే మొదలుపెట్టగల పద్ధతి ఇది. కావలసింది ఒక బైబిలు, పడుకునే ముందు పది నిమిషాలు.

1. ముందు వినండి

“ఇంత పెద్దగైనవ్, భయమేంది?” అని నోరు మూయించకండి. దగ్గరికి తీసుకుని “ఏం భయమైతుంది బిడ్డా?” అని అడగండి. చీకటా, కుక్కా, రేపటి పరీక్షా, బడిలో కొట్టే పిల్లాడా? చెప్పేదాకా ఆగండి. గొల్యాతును పడగొట్టిన దావీదు కూడా తన భయాన్ని దాచుకోలేదనీ, 56వ కీర్తనలో దేవునితోనే చెప్పుకున్నాడనీ చెప్పండి. భయపడడం తప్పు కాదని వాళ్లకు తెలియాలి.

2. దేవుణ్ణి బూచిని చేయకండి

“అల్లరి చేస్తే దేవుడు కండ్లు తీస్తడు” అనే మాట ఈ రోజుతో మానేయండి. పగలు ఎవరి పేరు చెప్పి బెదిరించామో, రాత్రి వాళ్ల దగ్గరికే పొమ్మంటే పిల్లలు పోరు.

3. ఒక్క కథ, నిదానంగా

మార్కు సువార్త 4వ అధ్యాయం చివర ఉన్న తుపాను కథ చెప్పండి. గలిలయ సరస్సులో రాత్రివేళ దోనె. పెద్ద గాలి, లోపలికి నీళ్లు. యేసు దోనె వెనుక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడు. శిష్యుల్లో కొందరు ఆ సరస్సులోనే చేపలు పట్టి బతికినవాళ్లు, అయినా వణికిపోయారు. ఇక్కడ ఆగి, “నువ్వైతే ఏం చేస్తవ్?” అని అడగండి. “లేపుతా” అంటే, వాళ్లూ అదే చేశారని చెప్పండి. ఆయన్ను లేపడమే ప్రార్థన అని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. వారమంతా ఇదే కథ చెప్పినా ఫరవాలేదు.

4. చిన్న ప్రార్థన

“యేసయ్యా, నాకు భయమైతుంది. నా దగ్గరుండు. ఆమేన్.” ఇంతే చాలు. భయం లేని రోజుల్లో కూడా చెప్పిస్తే, అవసరమైనప్పుడు అదే నోటికొస్తుంది. కాస్త పెద్దపిల్లలతో 23, 46 కీర్తనలు రోజుకు రెండు వచనాల చొప్పున చదివించండి.

5. ప్రార్థన తర్వాత చేయాల్సిన పని

ఉరుములొస్తే పొలంలో చెట్టు కింద నిలబడకుండా ఇంట్లోకి రావాలి. పరీక్ష భయమైతే పుస్తకం తీయాలి. ఎవరైనా కొట్టినా, తాకకూడని చోట తాకినా వెంటనే అమ్మానాన్నలకో టీచరుకో చెప్పాలి. 1098 బాలల సహాయ నంబరు కంఠస్థం చేయించండి. సాయం అడగడం విశ్వాసం లేకపోవడం కాదు.

6. ఆశ్రయం ఇచ్చిన మనుషులను చూపించండి

మన నిజామాబాద్ జిల్లాలోని దిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి మొదలైంది. మెథడిస్టు మిషనరీ డాక్టర్ ఇసాబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ దాన్ని నడిపారు. హిందువైన రాజా నర్సాగౌడ్ దానికి విరాళమిచ్చారు. ఊళ్లు బయటికి తోసిన వాళ్లకు అక్కడ మంచం, మందు దొరికాయి. దేవుని ఆశ్రయం మనుషుల చేతుల మీదుగా కూడా వస్తుందని ఈ సంగతితో చెప్పండి. “బడిలో ఎవరన్నా భయపడితే నువ్వు పక్కన కూర్చో” అని ఒక పని అప్పజెప్పండి.

7. ఇవ్వకూడని మాట

“ప్రార్థన చేస్తే ఏమీ కాదు” అనకండి. తాత జబ్బు తగ్గకపోతే ఆ పసిమనసు విరిగిపోతుంది. “ఏం జరిగినా దేవుడు మనల్ని విడిచిపెట్టడు, మేమూ నీతోనే ఉంటాం” అనండి.

భయంతో వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి మానేసినా, బడికి పోనని ఏడ్చినా ప్రార్థనతో పాటు డాక్టరుకు చూపించండి.

ఈ ఏడు పనులూ ఒకేసారి మొదలుపెట్టనక్కర్లేదు. ఈ రాత్రి మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, “నీకు దేనికి భయం?” అని అడగండి. చెప్పింది చివరిదాకా వినండి.