ముందు పేరు అడుగు

వనపర్తి

చిరంజీవి చిన్నికి మేనత్త ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. రెండు రోజులుగా దిండు కిందే ఉంది. నాగర్‌కర్నూల్‌లో నీ కౌన్సెలింగ్ గదికి పంతొమ్మిదేళ్ల బిడ్డను తీసుకొచ్చిన ఆ తల్లిదండ్రుల గురించి రాశావు. 'వచ్చిండు' అని రాసి కొట్టేశావు, 'వచ్చింది' అని రాసి అదీ కొట్టేశావు. ఆ కొట్టివేతలకు నాకు దిగులు లేదు, నువ్వు ఆలోచిస్తున్నావని తెలిసింది. దిగులంతా తర్వాతి మాటకే. "మావోణ్ణి మార్చండి మేడం" అని వాళ్లు ఏడిస్తే "నాలుగు సిట్టింగులు చూద్దాం" అన్నావట. నీ ఉద్దేశం నాకు తెలుసు. వాళ్లకు మాత్రం 'మారుస్తాం' అనే వినబడి ఉంటుంది. ఆ బిడ్డకూ అంతే.

 

పుట్టినప్పుడు రాసిన జెండర్ తనది కాదనిపించడం మార్చాల్సిన రోగమేమీ కాదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన కొత్త జబ్బుల పట్టిక దీన్ని మానసిక రుగ్మతల్లోంచి తీసేసింది. ఆడో, మగో, మూడో జెండరో చెప్పుకునే హక్కు ఎవరిది వాళ్లదేనని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మనిషిని ఇలా మారుస్తామని వైద్యం చేయడం వృత్తి ధర్మం తప్పడమేనని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. నువ్వు డాక్టరువు కాకపోయినా ఆ గీత నీకూ వర్తిస్తుందనుకో. తను నిద్రపోవడం లేదన్నావు, ఇల్లు దాటడం లేదన్నావు. నీ పని అక్కడ ఉంది.

అన్నిటికంటే ముందు పేరు. చిన్న సంగతి అనుకోకు బిడ్డా, నలభై ఏళ్లుగా నా మెడకు చుట్టుకున్న సంగతి ఇది.

గద్వాలలో మీ తాత మగ్గం నీకు తెలుసు. చీర ఒంటికి నూలు, రెండు అంచులకు పట్టు, మూడు నాడెలు. అంచు నాడె అందుకోవడానికి పక్కన ఇంకో మనిషి కావాలి. అప్పట్లో వాడకట్టులోని ఒక పిల్లవాడు వచ్చి కూర్చునేవాడు. పిల్లవాడని ఊరు అనేది. తనకు తను ఒక ఆడపేరు పెట్టుకుంది. మీ తాత ఒక్క ప్రశ్న అడగలేదు, ఆ పేరుతోనే "నాడె అందుకో తల్లీ" అనేవాడు. ఎవరితోనూ నోరు విప్పని ఆ మనిషి, మగ్గం చప్పుడు మధ్య మీ తాతకు మనసంతా చెప్పుకునేది. ఆయన నేత ఆపేవాడు కాదు, ఊ కొడుతూ వినేవాడు.

కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన నేను మాత్రం, జ్వరంతో వచ్చిన తనను రిజిస్టరులోని మగపేరుతో గట్టిగా పిలిచాను. వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. చేతిలో చీటీని నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద ఉంచి వెళ్లిపోయింది. మళ్లీ దవాఖానాకు రాలేదు. చదువుకున్న నాకు తెలియనిది, బడి ముఖం చూడని మీ తాతకు తెలుసు. ఆ పేరు ఇక్కడ రాయను, అది తనది.

పేరు రాసుకోవడంలోనూ తేడా ఉంది. నిజాం కాలంలో 1329 ఫసలీ చట్టం కింద హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరులో ఎక్కించేవారు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో. ఇన్నేళ్లు అనుమానంతో పేర్లు రాసుకున్న నేల మనది. నీ కాగితం మీద పేరు నమ్మకంతో పడాలి.

తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడకు. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఒకరినొకరు ప్రేమించుకున్న ఇద్దరు అమ్మాయిల కేసులో, తనకు తెలియదని ఒప్పుకుని, సైకాలజిస్టు ఎదుట కూర్చుని నేర్చుకున్నాకే 2021లో తీర్పు చెప్పారు. కార్ల్ రోజర్స్ గురించి నువ్వే కదా నాకు చెప్పావు, షరతు లేకుండా మనిషిని అంగీకరిస్తేనే మనిషి కదులుతాడని? అప్పుడు నాకు మీ తాతే గుర్తొచ్చాడు.

ఆ తల్లిదండ్రులను కసురుకోకు. బిడ్డ దూరమైపోతుందన్న భయం వాళ్లది. వాళ్లకు వేరే రోజు ఇవ్వు. 'మార్చను, మీకూ మీ బిడ్డకూ తోడుంటాను' అని విడమరిచి చెప్పు.

వచ్చే సిట్టింగులో ఆ బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టి రెండే అడుగు: మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలి? మీ అమ్మానాన్నల ముందు ఏ పేరుతో పిలవాలి? రెండో ప్రశ్న మరవకు, ఇంట్లో తన క్షేమం దాని మీదే ఉంటుంది. జవాబు వచ్చేదాకా 'వచ్చిండు', 'వచ్చింది' వద్దు. మన తెలుగులో 'మీరు' ఉంది, 'తను' ఉంది. అవి చాలు.

ఆశీస్సులతో,
మీ అత్తమ్మ