పింక్ క్యాన్యులా ఖరీదెంత?

డీబీఎంఎస్ ల్యాబ్‌లో మనం రాసిన క్వెరీలన్నీ ఉద్యోగుల జీతాల చుట్టూనే తిరిగాయి. ఏ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికి ఎక్కువ, సగటు ఎంత, సెమిస్టరంతా ఇదే గోల. అదే గ్రూప్ బైని ఆసుపత్రి స్టోర్స్ రిజిస్టర్ మీద వేస్తే ఏం కనిపిస్తుందో చూద్దామని మా బ్యాచ్ మినీ ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఒకే వస్తువుని పది ఆసుపత్రులు పది ధరలకి కొంటాయి. పక్కవాళ్లు ఎంతకి కొన్నారో ఎవరికీ తెలీదు. రైతుబజారులో బోర్డు మీద రాసినట్టు అందరి ధరలూ ఒకచోట కనిపిస్తే, ఎక్కువ పెడుతున్నవాళ్లు గట్టిగా బేరమాడొచ్చు కదా?

ఇది మా సొంత ఆలోచనేమీ కాదు లెండి. ఇంగ్లండ్‌లో 2016లో వచ్చిన లార్డ్ కార్టర్ నివేదిక ప్రకారం, తుంటి మార్పిడి ఆపరేషన్‌లో అమర్చే కృత్రిమ కీలుకి ఒక ఆసుపత్రి సగటున 788 పౌండ్లు పెడుతుంటే ఇంకొకటి 1,590 పౌండ్లు పెడుతోంది. అన్నీ ఎన్‌హెచ్ఎస్ ఆసుపత్రులే, అంతా ప్రజల డబ్బే. ఇప్పుడు అక్కడ ఆసుపత్రుల కొనుగోలు ధరల్ని పక్కపక్కన పెట్టి పోల్చే ఏర్పాటు ఉంది.

పోల్చి చూసుకుంటే నిజంగా ధర తగ్గుతుందా? అమెరికాలో మాథ్యూ గ్రెనాన్, యాష్లీ స్వాన్సన్ అనే ఆర్థికవేత్తలు గుండె స్టెంట్ల కొనుగోళ్ల మీద ఇదే పరిశీలించారు. అక్కడ ఆసుపత్రులు తమ ధరల్ని ఒక డేటాబేస్‌కి ఇచ్చి, మిగతావాళ్లతో పోలిస్తే తామెక్కడున్నాయో చూసుకుంటాయి. లాభపడింది ముఖ్యంగా అప్పటిదాకా ఎక్కువ ధర పెడుతున్న ఆసుపత్రులే, అదీ పెద్ద సంఖ్యలో కొనే రకాల్లో. ముందే చవగ్గా కొంటున్నవాళ్లకి కొత్తగా ఒరిగింది పెద్దగా లేదు. బేరం అంటే అంతే మరి. అవతలివాడు ఎంతవరకు దిగగలడో తెలిస్తే మన మాటకి బలం వస్తుంది.

ఇక మా తలనొప్పి సంగతి. సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టే ఐవీ క్యాన్యులాకి సైజుని బట్టి రంగు ఉంటుంది: 18 గేజ్ ఆకుపచ్చ, 20 గేజ్ గులాబి, 22 గేజ్ నీలం. ఏ కంపెనీదైనా రంగులు ఇవే. రిజిస్టర్లో మాత్రం ఒకరు 'పింక్ క్యాన్యులా' అని రాస్తారు, ఇంకొకరు 'ఐవీ సెట్ 20జీ' అంటారు, మూడోవారు 'వెన్‌ఫ్లాన్' అని రాసి ఊరుకుంటారు. అది ఒక కంపెనీ బ్రాండ్ పేరు. ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టే వార్డుల్లో అన్ని క్యాన్యులాలకీ అదే పేరు. సైజు చెప్పకపోతే ఆ లైను మాకు పనికిరాదు.

గ్లవ్స్‌ది ఇంకో కథ. ఒకచోట బాక్సు లెక్క, ఒకచోట జత లెక్క, మరోచోట విడిగా ఒక్కొక్కటి. 100 గ్లవ్స్ ఉన్న బాక్సంటే 50 జతలు. యూనిట్ సరిచేయకుండా పోల్చితే, బాక్సు ధర రాసిన ఆసుపత్రి పాపం నిలువునా మోసపోతున్నట్టు కనిపిస్తుంది. దీనికి తోడు డిస్ట్రిబ్యూటర్ల స్కీములు. 10 కొంటే 2 ఫ్రీ అనుకుందాం. బిల్లు మీద ఒక్కొక్కటి 60 రూపాయలే ఉంటుంది. కానీ 600 రూపాయలకి 12 వచ్చాయి కాబట్టి అసలు ధర 50. ఆ రెండు ఉచితాలు బిల్లులో కాకుండా డెలివరీ చలానాలో మాత్రమే ఉంటే ఏ క్వెరీ పట్టుకుంటుంది? జీఎస్టీ కలిపారా లేదా, డబ్బు వెంటనే కట్టారా, 90 రోజుల తర్వాతా అన్నవి కూడా ధరలో భాగమే. క్వెరీ రాయడం ఓ అరగంట పని. ఈ శుభ్రం చేసే పనికే నెల పట్టింది.

సరే, డేటా శుభ్రమైంది, నెట్‌లో పెట్టేద్దామా? ఆగండి. సివిల్ బ్రాంచి మిత్రులకి నచ్చే ఉదాహరణ ఒకటుంది. 1993లో డెన్మార్క్ ప్రభుత్వం పోటీ పెరుగుతుందన్న ఆశతో రెడీమిక్స్ కాంక్రీటు అసలు అమ్మకం ధరల్ని ప్రచురించడం మొదలుపెట్టింది. ఏడాది తిరక్కుండానే ధరలు 15 నుంచి 20 శాతం పెరిగాయి. బోర్డుని కొనేవాళ్లతో పాటు అమ్మేవాళ్లూ చదివారు. ఎవరు ఎవరికి గుట్టుగా తగ్గించి ఇస్తున్నారో తెలిసిపోయాక, తగ్గించడం వల్ల లాభమేముంది? ఆసుపత్రుల్లోనూ ఆ ప్రమాదం ఉంది. ఏ పల్లెటూరి ధర్మాసుపత్రికో తక్కువకి ఇస్తున్న డీలర్, ఆ ధర ఊరంతా తెలుస్తుందంటే ఇవ్వడం మానేస్తాడు. అందుకే నా ఓటు, ఆసుపత్రులకి మాత్రమే, పేర్లు తీసేసి, మధ్యస్థం చూపించే పద్ధతికి.

కానీ మన దగ్గర అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. కొనేవాడికి తగ్గించుకోవాలన్న కోరిక ఉంటేనే బేరం. ప్రైవేటులో రోగి కట్టేది ఎమ్మార్పీ. ఆసుపత్రి కొన్న ధర ఎంత తగ్గితే మధ్యలో మిగులు అంత ఎక్కువ, రోగి బిల్లులో పైసా కదలదు. పైగా ఎమ్మార్పీ ఎక్కువున్న బ్రాండే ముద్దు. జాతీయ ఔషధ ధరల సంస్థ 2017 జనవరిలో స్టెంట్ల లెక్కలు బయటపెట్టినప్పుడు, ఆసుపత్రుల మార్జిన్ కొన్నిటి మీద 654 శాతం దాకా ఉందని తేలింది. మరుసటి నెలే గరిష్ఠ ధర నిర్ణయించారు. సగటున సుమారు 1,21,000 ఎమ్మార్పీ ఉన్న మందు పూత స్టెంటుకి 29,600 రూపాయలు, మామూలు లోహపు స్టెంటుకి 7,260. అక్కడ పనిచేసింది ఆసుపత్రుల మధ్య పోలిక కాదు. కొన్న ధరా అమ్మిన ధరా ఒకే పట్టికలో పక్కపక్కన కనిపించడం. ఆరోగ్యశ్రీ లాంటి ప్యాకేజీల్లో సంగతి వేరు. వచ్చే మొత్తం ముందే ఖాయం కాబట్టి, చవగ్గా కొనాలన్న ఆత్రం ఆసుపత్రికే ఉంటుంది.

అందుకే మా పట్టికలో వస్తువు, సైజు, యూనిట్, బిల్లు ధర, ఉచితాలు, పన్ను, నెల అన్నవాటి పక్కన ఎమ్మార్పీకి కూడా ఒక కాలమ్ పెట్టాం. మాకు డేటా ఇచ్చిన రెండు చోట్లా మిగతావన్నీ ఓపిగ్గా నింపారు, ఆ ఒక్క కాలమ్ మాత్రం ఖాళీగా వచ్చింది. ప్యాకెట్ మీద ముద్రించే ఉంటుంది కాబట్టి, ఆదివారాలు మందుల షాపుల చుట్టూ తిరిగి మేమే చూసి రాసుకుంటున్నాం.