గోదావరి ఒడ్డున ఒక రాత్రి

పెద్దపల్లి జిల్లాలోని బసంత్‌నగర్‌లో వృద్ధదంపతులు నివసించుచుండిరి. భర్త గోదావరిఖని గనులలో 30 ఏండ్లకు పైగా బొగ్గు త్రవ్వి, ఉద్యోగవిరమణ చేసెను. ఆషాఢమున తొలివానలు కురియగనే వారు గుడారము, గాలము, వంటసామగ్రి తీసికొని శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు ఒడ్డునకు పోయిరి. సుమారు 20 టి.ఎం.సి.ల నీరు పట్టు ఆ జలాశయము వానకాలమున త్వరగా పెరుగును. కావున వారు మెరకనేలను చూచి గుడారము వేసికొనిరి.

రాత్రియంతయు గాలము కదలలేదు. తెల్లవారుజామున తుంగ నడుమ ఒక పెద్ద కొర్రమీను పడెను. అది తెలంగాణ రాష్ట్రపు చేప. భార్య పులుసునకు చింతపండు నానవైచెను. ఇంతలో ఆమె చూపు నీటిపై నిలిచెను. అచ్చట ఎఱ్ఱని చిన్నిపిల్లలు గాలికై పైకి వచ్చుచు, దిక్కుతోచక చెదరిపోవుచుండెను.

"ఏమండీ, ఇది పిల్లలను కాచుచున్న చేప. దీనిని వండినచో వానిని ఇతర చేపలు మ్రింగివేయును" అని ఆమె పలికెను.

కొర్రమీను తన పిల్లలను కొన్ని వారములు వెన్నంటి కాపాడును. ఆ సంగతి భర్తయు ఎరుగును. కాని రాత్రియంతయు మేలుకొని పట్టిన చేప! ఆతడు కొంతతడవు ఊరకుండెను. గాలిని పీల్చగల చేప గావున అది ఒడ్డునను ప్రాణములతో కొట్టుకొనుచుండెను.

తుదకు ఆతడు గాలమును మెల్లగా ఊడదీసి, చేపను నీట విడిచెను.

"25 కోట్ల ఏండ్లకు పూర్వపు అడవులు బొగ్గైనవి. నేను త్రవ్విన బొగ్గు మరల పుట్టదు. ఈ చేప సంతతి మాత్రము, మనము విడిచినచో, మరుసటి వానలకును ఉండును" అనెను.

నానవైచిన చింతపండు చారైనది. ఆ పూట వారు దానితోనే తృప్తిగా భోజనము చేసిరి.