రెండోసారి అడుగుదాం

ఫస్ట్ సెమ్‌లో రెండు సబ్జెక్టులు పోయినప్పుడు "ఎలా ఉన్నావ్ రా?" అని రూమ్మేట్ అడిగితే, "బానే ఉన్నా" అన్నాను. వాడు వదల్లేదు. "నిజంగానా?" అని మళ్లీ అడిగాడు. అప్పుడే నోరు విప్పాను.

ఫ్రెండ్ మెస్‌కి రావడం మానేసినా, "నేను లేకపోతేనే ఇంట్లోవాళ్లకి నయం" అన్నా, పక్కన కూర్చోండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ మాత్రమే. అవునంటే క్లాస్ పీకొద్దు, వినండి. ఒంటరిగా వదలొద్దు. ఎవరికీ చెప్పనని మాటివ్వొద్దు; ఇంట్లోవాళ్లకో, నమ్మకమున్న లెక్చరర్‌కో చెప్పండి.

2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఇద్దరూ కలిసే ఫోన్ చేయండి.