కిరీటం వద్దన్న డ్యూకు



తపస్సు కాలంలో ముళ్ల కిరీటం మీద ప్రసంగించేటప్పుడు నేను చాలా ఏళ్లపాటు ఒక కథ చెబుతూ వచ్చాను. సిలువ యోధులు యెరూషలేమును పట్టుకొని, తమ నాయకులలో ఒకడైన గాడ్‌ఫ్రే అనే డ్యూకును రాజుగా ఉండమన్నారు. ప్రభువు ముళ్ల కిరీటం ధరించిన నగరంలో తాను బంగారు కిరీటం ధరించనని ఆయన నిరాకరించాడు. విన్నవారి కళ్లు చెమర్చే కథ. ఒక ఆదివారం పూజ ముగిశాక హైస్కూలు చదివే ఒక అమ్మాయి గుడి మెట్ల దగ్గర నన్ను ఆపింది. “ఫాదర్, ఊరు పట్టుకున్నారన్నారు కదా, అప్పటికి ఆ ఊళ్లో ఉన్నవాళ్లు ఏమయ్యారు?” అని అడిగింది. నాకు జవాబు తెలుసు. ప్రసంగంలో చెప్పలేదు, అంతే.

గాడ్‌ఫ్రే సుమారు 1060లో జన్మించాడు. తండ్రి బొలోన్ ప్రభువు యూస్టేస్. తల్లి ఇదాను శ్రీసభ పునీతురాలిగా గౌరవిస్తుంది. ఏప్రిల్ 13 ఆమె పండుగ. దిగువ లొరేన్ డ్యూకు అయిన మేనమామ సంతానం లేక ఇతణ్ణి వారసుడిగా నిర్ణయించి, 1076లో హతుడయ్యాడు. కాని చక్రవర్తి నాలుగవ హెన్రీ ఆ పదవిని తన కుమారుడికే ఇచ్చుకున్నాడు. గాడ్‌ఫ్రే పదేళ్లకు పైగా చక్రవర్తినే కొలిచి చివరకు డ్యూకు అయ్యాడు. ఈ హెన్రీ ఎవరో కాదు, ఏడవ గ్రెగోరి పోపుగారు శ్రీసభనుండి వెలివేసిన హెన్రీయే. అటువంటి పక్షంవాడు, 1095 నవంబరులో క్లెర్మాన్ సభలో రెండవ ఉర్బన్ పోపుగారు ఇచ్చిన పిలుపుకు కదిలాడు. బుయ్యోన్ కోటను లియేజ్ మేత్రాణులకు తాకట్టుపెట్టి, 1096 ఆగస్టులో బయలుదేరాడు. కొల్లగొట్టడానికే పోయేవాడు ముందుగా సొంత ఇల్లు తాకట్టు పెట్టుకోడు. ఆయన భక్తిని నేను శంకించడం లేదు. నా బాధ కూడా అక్కడే ఉంది.

ఆయన కదలకముందే, ఆ వేసవిలో, రైను నదీతీర నగరాలైన వర్మ్స్, మైన్స్‌లలో సిలువ గుర్తు కుట్టుకున్న గుంపులు వేలాది యూదులను చంపాయి. అది గాడ్‌ఫ్రే దండు చేసిన పని కాదు. కాని క్రీస్తు రక్తానికి యూదులపై పగ తీర్చుకుంటానని ఆయన కూడా శపథం చేశాడని హీబ్రూ చరిత్రకారులు రాశారు. కాపాడమని హెన్రీ చక్రవర్తి ఆజ్ఞ పంపాక, తనకు అటువంటి తలంపే లేదన్నాడట. అయినా కొలోన్, మైన్స్ యూదులు చెరి 500 వెండి మార్కులు సమర్పిస్తే పుచ్చుకున్నాడు.

యెరూషలేము ముట్టడి 1099 జూన్ 7న ఆరంభమైంది. అప్పుడు నగరం ఈజిప్టు ఫాతిమీ పాలకుల చేతిలో ఉంది. వారి అధికారి క్రైస్తవులను ముందే వెలుపలికి పంపివేశాడు. లోపల ఉన్నది మహమ్మదీయులు, యూదులు. జులై 8న సిలువ యోధులు ఉపవాసముండి, చెప్పులు లేకుండా గోడల చుట్టూ ప్రదక్షిణ చేశారు. వారం తిరిగేసరికి, జులై 15 శుక్రవారంనాడు, ఉత్తరపు గోడకు ఆనించిన కొయ్య బురుజు మీదినుండి గాడ్‌ఫ్రే మనుషులు లోపలికి దూకారు. తరువాత జరిగింది ఊచకోత. ప్రార్థనా మందిరంలో తలదాచుకున్న యూదులను లోపలే కాల్చివేశారు. అల్ అక్సా మసీదులో చేరినవారిని నరికారు. గుర్రాల కళ్లెం దాకా నెత్తురు పారిందని రాసినవాడు అక్కడే ఉన్న రేమండ్ అనే గురువు. ఆ పోలిక దర్శన గ్రంథంనుండి తీసుకున్నదే. కాని ఆయన దాన్ని దుఃఖంతో గాక సంతోషంతో రాశాడు. పూజ చేసే చేతులతో నేను ఆ పుట తిప్పవలసి వచ్చింది.

గాడ్‌ఫ్రే ఆ సమయంలో ఎక్కడ ఉన్నాడు? ఊచకోతలో పాల్గొనకుండా, కవచం విప్పి, ఉన్నివస్త్రంతో, పాదరక్షలు లేకుండా పవిత్ర సమాధికి వెళ్లి ప్రార్థించాడని ఆహెన్ వాసి ఆల్బర్ట్ రాశాడు. ఆల్బర్ట్ తూర్పు దేశం చూసినవాడు కాడు. ఒకవేళ అదే నిజమనుకుందాం. ఆ ప్రార్థన జరుగుతుండగా బయట కేకలు వినబడుతూనే ఉండాలి.

సెమినరీలో మాకు పునీత తోమాసు అక్వినాసు యుద్ధానికి పెట్టిన మూడు షరతులు కంఠస్థం చేయించారు: అధికారం, న్యాయమైన కారణం, సరైన ఉద్దేశం. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. గాడ్‌ఫ్రేను అడిగితే మూడూ ఉన్నాయనే చెప్పేవాడు, అబద్ధమాడుతున్నాననే అనుమానం కూడా లేకుండా. దేవునిముందు తగ్గించుకోవడం ఆయనకు తెలుసు. ఎదుటి మనిషి కూడా ఆ దేవుని పోలికేనన్నది తట్టలేదు.

జులై 22న ఆయన్ను పాలకుడిగా ఎన్నుకున్నారు. రాజు అనిపించుకోక, పవిత్ర సమాధి సంరక్షకుడనే పేరుతో సరిపెట్టుకున్నాడు. ముళ్ల కిరీటం మాట తరువాతివారి పుస్తకాల్లో కనిపిస్తుంది. మరో ముచ్చట టైరు పీఠాధిపతి విలియం రాశాడు: అర్సూఫ్ ముట్టడిలో చూడవచ్చిన స్థానిక పెద్దలకు గాడ్‌ఫ్రే గుడారంలో గడ్డి సంచిమీద కూర్చొని కనిపించాడు; చచ్చాక ఉండవలసింది ఈ నేలమీదే కదా, కూర్చోడానికి ఇది చాలన్నాడట.

పిలుపునిచ్చిన ఉర్బన్ పోపుగారు 1099 జులై 29న, విజయవార్త చేరకముందే కన్నుమూశారు. గాడ్‌ఫ్రే 1100 జులై 18న మరణించాడు. తమ్ముడు బాల్డ్విన్ అదే ఏడు క్రిస్మస్‌నాడు బేత్లెహేములో నిక్షేపంగా కిరీటం ధరించాడు. సత్యం పేరిట శ్రీసభ బిడ్డలు సాగించిన హింసకు 2000 మార్చి 12న రెండవ జాన్‌పాల్ పోపుగారు దేవుని క్షమాపణ వేడారు.

ఆ అమ్మాయికి మరుసటి ఆదివారం ఇదంతా చెప్పాను. చివరిదాకా విని, “మరి ఆ కథ మళ్లీ చెబుతారా ఫాదర్?” అంది. చెబుతున్నాను. జులై 15 శుక్రవారంనుండి మొదలుపెట్టి.