అప్పడంలా పొంగిన నేల

చిరంజీవి చిన్నోడికి,

మీ బాబాయికి బండి ఫొటోలు చేరాయి. పాత ఓనరు కుక్క వాసన ఫొటోలోంచే కొడుతోందని మీ పిన్ని అంటోంది. కార్పెట్ పీకేసి టేకు రంగు వినైల్ పలకలు వేస్తానన్నావు. రంగు సంగతి తర్వాత చూద్దాం. మోటార్‌హోమ్‌లో నేల మీద ఏం పరవాలో తేల్చేది దాని స్లైడవుట్లే, అంటే గోడలోంచి బయటికి జరిగే గదులే. నీ బండికి అవి రెండున్నాయి.

ఈ ముక్క మీ బాబాయి డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాడు. తన మొదటి బండిలో, ఇంట్లో వేసినట్టే, 8 మిల్లీమీటర్ల క్లిక్ పలకలు పరిచాడు. రెండు రోజులు మోకాళ్ల మీద పాకాడు. పని చూడముచ్చటగా కుదిరింది. సాయంత్రం స్లైడ్ లోపలికి లాగే బటన్ నొక్కితే, సోఫాతో సహా గది సగం దాకా వచ్చి కిర్రుమంది. అడుగున ఉన్న రోలర్ ఒక పలక అంచును పట్టుకుని ముందుకు తోసేసరికి, నడిమధ్య నేల అప్పడంలా పొంగింది. మీ పిన్ని నవ్వు ఆపుకోలేక బయటికెళ్లిపోయింది.

తప్పు పలకలది కాదు, స్లైడ్ జరిగే తీరు చూసుకోకపోవడమే. అమెరికా రోడ్ల మీద బండి వెడల్పు మామూలుగా ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు. అందుకే ఆగిన చోట గోడలోంచి సొరుగులా బయటికి జరిగే గదిని 1990లో ఇండియానాలోని న్యూమార్ కంపెనీ మోటార్‌హోమ్‌లోకి తెచ్చింది. ఈ గదుల్లో కొన్ని మెట్టంత ఎత్తులో ఉండి ప్రధాన నేల పైనుంచి జరుగుతాయి. కొన్ని బయటికెళ్లాక కిందికి దిగి నేలతో సమంగా కూర్చుంటాయి. లోపలికి వచ్చేటప్పుడు మళ్లీ పైకెక్కి, సోఫా, టేబులు, ఒక్కోసారి ఫ్రిజ్ బరువు కూడా మోసుకుని, నేల మీద దొర్లుకుంటూ వస్తాయి. ఈ రెండో రకంతోనే చిక్కు. మెత్తటి కార్పెట్ రోలర్ కింద అణిగి దారిస్తుంది. గట్టి పలక అణగదు.

కాబట్టి పలకలు కొనకముందే స్లైడ్ కింద ఎంత సందుందో కొలవాలి. టేపు లోపలికి దూరదు. మీ బాబాయి ఉపాయం వంటింటిది. కార్పెట్ తీసేశాక, స్లైడ్ వచ్చే దారిలో నాలుగైదు చోట్ల ప్లాస్టిక్ కవర్లో చుట్టిన చపాతీ పిండి ముద్దలు పెట్టాలి. బండిని సమంగా నిలిపి, కరెంటుకి తగిలించి, గదిని మెల్లిగా పూర్తిగా లాగి, మళ్లీ బయటికి తోయాలి. నలిగిన ముద్ద ఎంత మందాన మిగిలిందో అదే అక్కడున్న సందు. మీ బాబాయి రెండో బండిలో ఒక మూల పూరీ అంత మందం మిగిలింది, ఇంకో మూల అప్పడమంతే. లెక్కలోకి తీసుకోవాల్సింది ఆ అప్పడాన్నే. రోలర్లు సరిగ్గా ఆనే చోట ముద్ద అసలు మిగలదు. అక్కడ బరువు నేరుగా పలక మీదే పడుతుంది.

ఇంకో సంగతి. క్లిక్ పలకలు నేలకి అతుక్కోవు, ఊరికే పరిచి ఉంటాయి. ఎండకి సాగుతాయి, చలికి ముడుచుకుంటాయి. చలికాలమంతా హీటరు లేకుండా నిలిపిన బండిలో ఈ ఆట ఇంకా ఎక్కువ. పైనుంచి స్లైడ్ నొక్కిపట్టి ఉంచితే అవి కదిలే దారేది? స్లైడ్ నడిచే మేర రెండు మూడు మిల్లీమీటర్ల వినైల్‌ని జిగురుతో పూర్తిగా అతికించడమే మేలు. ప్రయాణాల్లో రోలర్ల కింద పల్చటి ప్లాస్టిక్ షీటు పెడితే గీతలు పడవు.

సిరామిక్ టైల్స్ మాట మీ ఆవిడ ఎత్తిందట. జిగురుతో కలిపి చదరపు అడుగుకి నాలుగైదు పౌండ్లు. 150 చదరపు అడుగులకే కనీసం 600 పౌండ్లు అవుతుంది. తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఎంత సామాను మోయవచ్చో రాసి ఉంటుంది. అది ఆవిడకి చూపించు, వాదన నీ నెత్తిన పడదు.

కార్పెట్ పీకడమే అసలు చాకిరీ. స్టేపుల్స్ వందల్లో ఉంటాయి. ఒక్కోటీ పట్టకారుతో లాగాలి. ఒక్కటి మిగిలినా పల్చటి వినైల్ మీద మొటిమలా లేస్తుంది. అల్మారాల కిందికి పోయిన పాత వినైల్ జోలికి వెళ్లకు. ఫ్యాక్టరీలో చాలావరకు ముందు నేల పరిచి, ఆపైనే అల్మారాలు బిగిస్తారు. అంచు దాకా కోసి వదిలేయి. తర్వాత స్లైడ్ మూలల్లో, తలుపు దగ్గర స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడు. మొన మెత్తగా దిగిందంటే ప్లైవుడ్‌లోకి నీళ్లు చేరినట్టే. ముందు సీలు బాగుచేసి, చెక్క మార్చి, ఆరాకే కొత్త నేల. చెక్క బిగించేటప్పుడు స్క్రూ పొడవు చూసుకో. కింద నీళ్ల ట్యాంకులూ వైర్లూ ఉంటాయి. సీటుబెల్టు ఉన్న కుర్చీలని విప్పితే మాత్రం బోల్టులు తిరిగి బిగించే పని మెకానిక్‌కే అప్పగించు.

శనివారం పిండి కలిపి, ముద్దల ఫొటో పంపు. పక్కన స్కేలు పెట్టడం మరిచిపోకు. అప్పటిదాకా పలకల ఆర్డరు పెట్టకు.

ఇట్లు,
మీ బాబాయి