ఎనిమిదిన్నర లెక్క

విజయవాడ,
మృగశిర కార్తె, నాలుగో రోజు

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. ఫోనులో మెసేజీ పెట్టి ఊరుకోకుండా కాగితం మీద రాసినందుకు ముందుగా నీకు మంచి మార్కులు. కంటి ఆపరేషను బాగానే జరిగింది. డాక్టరు గారు ఇంకో రెండు వారాలు బస్సెక్కొద్దన్నారు, చదవడం రాయడం తగ్గించమన్నారు. మొదటి మాట వింటున్నాను. రెండోది, మీ అత్తయ్య వంటింట్లో ఉన్నప్పుడు వినడం లేదు.

మీ మావయ్య హైదరాబాదు నుంచి పంపిన ఇంటి వాతావరణ కేంద్రం మీద మూడు ఫిర్యాదులు రాశావు. డాబా మీద 47 డిగ్రీలు చూపిస్తోంది. రోజూ మధ్యాహ్నం గాలి పీడనం పడిపోతోంది, తుఫానేమోనని నీకు గుబులు. మృగశిర ప్రవేశించిన రోజు చూరు నీళ్లు ధార కట్టేంత వాన పడినా అది మాత్రం సున్నా అంది. ‘ఇది చెడిపోయిందా తాతయ్యా?’ అని అడిగావు. చెడిపోలేదు. నువ్వు పెట్టిన చోటు, నువ్వు చూస్తున్న వేళ, ఆ రెండే చెడ్డవి.

ముందు వాన సంగతి. గరాటు ఉన్న డబ్బా పైభాగాన్ని తిప్పి తీయి. లోపల బుల్లి ఉయ్యాలబల్ల లాంటిది కనిపిస్తుంది, రెండు కొసలా రెండు చిన్న దొప్పలు. ఒక దొప్ప నిండగానే బరువుకు వాలి నీళ్లు ఒంపేస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ఎన్నిసార్లు వాలిందో లెక్కపెట్టి యంత్రం వాన ఎంతో చెబుతుంది. దారిలో కుదుపులకు విరగకుండా ఆ ఉయ్యాలను టేపుతోనో ప్లాస్టిక్ ముక్కతోనో బిగించి పంపుతారు. నువ్వు అది తీసి ఉండవు. పందెం కాస్తాను.

తీశాక దాన్ని నమ్మేముందు ఒకసారి పరీక్షించు. గరాటు మూతి అడ్డంగా కొలువు. 10 సెంటీమీటర్లు ఉందనుకో, వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. నువ్వు బళ్లో చేసిన వృత్తం లెక్కే. ఒక మిల్లీమీటరు వాన పడితే అందులో చేరేది 7.85 మిల్లీలీటర్లు. అడుగున సూదితో బెజ్జం పెట్టిన ప్లాస్టిక్ గ్లాసు తీసుకుని, సిరంజితో కొలిచి 78.5 మిల్లీలీటర్ల నీళ్లు అందులో పోసి, గరాటు మీద చుక్కచుక్కగా కారనివ్వు. యంత్రం 10 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా చూపాలి. గబగబా పోస్తే తక్కువ చూపుతుంది. దొప్ప వాలుతున్న ఆ క్షణంలో పడే నీళ్లు లెక్కకు అందవు. కుండపోత వానల్లో ఇలాంటి యంత్రాలు తక్కువ చెప్పడానికి కారణం అదే.

అందుకని పెరట్లో ఉన్న నా గరాటు, సీసా తీసేయకు. పక్కపక్కనే ఉండనివ్వు. నా గరాటు మూతి సరిగ్గా 10 సెంటీమీటర్లు. ఇప్పుడు దాని కింద రెండు లీటర్ల సీసా ఉంది, 254 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. ఇదివరకు లీటరు సీసా పెట్టేవాణ్ణి. 2024 ఆగస్టు 31 రాత్రి నీకూ గుర్తుండాలి. బుడమేరు పొంగి విజయవాడ మునిగింది ఆ వానకే. తెల్లవారి చూస్తే సీసా నిండి పొర్లిపోయి ఉంది. లీటరు సీసా పట్టేది 127 మిల్లీమీటర్లే. ఆపైన ఎంత పడిందో నాకిక ఎప్పటికీ తెలియదు. నా వాన లెక్కల పుస్తకంలో సెప్టెంబరు 1 ఎదురుగా ‘127, ఆపైన’ అని ఉంటుంది చూడు. వాతావరణ శాఖ లెక్కలో 64.5 మిల్లీమీటర్లు చేరితే భారీ వర్షం, 115.6 చేరితే అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. మనది చివరి రెండింట్లో ఏ గడిలో పడుతుందో చెప్పలేని స్థితికి వచ్చానంటే, పది రూపాయల సీసా దగ్గర పిసినారితనం చేసినందుకే.

వానమాపకాన్ని డాబా మీద పెట్టకు. ఎత్తున గాలి చినుకుల్ని పక్కకు నెట్టేస్తుంది. వాతావరణ శాఖ వాళ్లు గరాటు అంచు నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా పెడతారు. చెట్టయినా గోడయినా ఎంత ఎత్తుందో దానికి రెట్టింపు దూరంలో ఉండాలి. మన పెరట్లో మామిడి చెట్టుకూ పశువుల పాకకూ మధ్య అలాంటి జాగా ఒక్కటే ఉంది, అక్కడే నా సీసా ఉంది. వారానికోసారి గరాటులో ఆకులు, కాకి రెట్టలు తుడువు. కందిరీగలు గూడు కడితే మాత్రం మీ నాన్నను పిలువు, నువ్వు చెయ్యి పెట్టకు.

ఇక వేళ. మన దేశంలో వాన లెక్కకు రోజు తెల్లవారేది ఉదయం ఎనిమిదిన్నరకు. నిన్న ఎనిమిదిన్నర నుంచి ఇవాళ ఎనిమిదిన్నర దాకా పడిందంతా ఇవాళ్టి తేదీ కింద రాస్తాం. నీ యంత్రమేమో అర్ధరాత్రి పన్నెండుకు సున్నా చేసుకుని కొత్త రోజు మొదలుపెడుతుంది. అందుకే ఉయ్యాల బిగింపు తీశాక కూడా మండలాఫీసు అంకెతో నీ యంత్రం అంకె కలవదు. బడికి వెళ్లేముందు సీసా చూసి పుస్తకంలో రాసుకో. వాన లేకపోతే సున్నా అని రాయి. చూడని రోజు గీత పెట్టు. ఈ రెంటినీ కలపొద్దు. మీ నానమ్మ ఆస్పత్రిలో ఉన్న పదకొండు రోజులు నా పుస్తకంలో గీతలే ఉన్నాయి. వేసంగి రోజులే, ఎలాగూ చినుకు పడి ఉండదు, సున్నాలు పెట్టేద్దామా అని రెండు మూడుసార్లు కలం తీశాను. పెట్టలేదు. మబ్బు పట్టని వేసంగి ఉంటుందా?

47 డిగ్రీల సంగతి. ఎండలకు పేరుపడ్డ రెంటచింతలను మించిపోయామని సంబరపడకు. నువ్వు కొలిచింది గాలి వేడిని కాదు, కాలిన సిమెంటు వేడిని. గాలి వేడి కొలవాలంటే ఎండ నేరుగా తగలకూడదు, గాలి ఆడాలి, కింద మట్టో గడ్డో ఉండాలి. నేల నుంచి సుమారు 1.25 మీటర్లు, అంటే నీ భుజం ఎత్తు. వాతావరణ కేంద్రాల్లో కనిపించే తెల్ల చెక్కపెట్టె, కిటికీ రెక్కల్లాంటి గోడలది, దానికోసమే. దాన్ని తయారు చేసినవాడు థామస్ స్టీవెన్సన్, స్కాట్లాండులో లైట్‌హౌసులు కట్టిన ఇంజనీరు. ‘ట్రెజర్ ఐలాండ్’ రాసిన స్టీవెన్సన్‌కు తండ్రి. కొడుకు పేరు అందరికీ తెలుసు, తండ్రి పెట్టె మాత్రం ప్రపంచమంతా నిలబడి ఉంది. నీకు పెట్టె అక్కర్లేదు. పూలకుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ పళ్లేలు ఏడెనిమిది తీసుకుని, పై రెండూ తప్ప మిగతావాటికి నడుమ కోసి, వేలెడు సందులు వదిలి మరలతో బోర్లా పేర్చు. మధ్యలో వేడి కొలిచే మాపకం వేలాడదీయి. ఫోను చెప్పే అంకెకూ నీ అంకెకూ తేడా ఎంత తగ్గుతుందో చూడు.

తేమ మాపకం అదే గూట్లో ఉంటుంది. దాన్ని సరిచూసుకోవడానికి నానమ్మ కుండ చాలు. కుండ గోడలోంచి ఊరిన నీరు ఆరితేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. గాలిలో తేమ ఎక్కువైన రోజు ఆరదు, చల్లబడదు. కుండనీళ్లు వెచ్చగా ఉన్నాయని నానమ్మ విసుక్కున్న రోజు నీ యంత్రం తేమ 30 శాతమే అంటే, యంత్రాన్నే అనుమానించు.

పీడనం గురించి భయపడొద్దు. మనలాంటి ఉష్ణమండలంలో గాలి పీడనానికి రోజూ రెండు ఆటుపోట్లు ఉంటాయి. ఉదయం పదికీ రాత్రి పదికీ దగ్గర్లో ఎక్కువ, తెల్లవారుజాము నాలుగుకూ సాయంత్రం నాలుగుకూ దగ్గర్లో తక్కువ. మధ్యాహ్నం మూడు హెక్టోపాస్కల్స్ తగ్గినా అది మామూలే. ఇవాళ నాలుగింటి అంకెను నిన్నటి నాలుగింటి అంకెతో పోల్చాలి, పొద్దుటి అంకెతో కాదు. ఒకే వేళ చూసిన అంకె రోజురోజుకూ తగ్గుకుంటూ పోతే అప్పుడు ఆలోచిద్దాం. తెర మీద కనిపించే సూర్యుడు, మబ్బు బొమ్మల్ని అసలు నమ్మకు. అవి చలిదేశాల వాతావరణం చూసి చేసిన లెక్కలు. యంత్రాన్ని మొదటిసారి సరిపెట్టడానికి, గాలీవానా లేని రోజు గన్నవరం విమానాశ్రయం ప్రకటించే సముద్రమట్టపు పీడనం చూసి అదే అంకె పెట్టు.

గాలి గిన్నెలు మాత్రం డాబా మీదే ఉండనివ్వు, వాటికి ఎత్తు కావాలి. సూచిక ఉత్తరానికి సరిగ్గా తిప్పావో లేదో చూసుకో. పడమటి గాలి అంటే పడమటి నుంచి వచ్చే గాలి, ఆ సంగతి నీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంట్లో ఇలాంటివి పెట్టుకోవడం మనతో మొదలు కాలేదు. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంత ఖర్చుతో నక్షత్రశాల పెట్టారు. మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర నేర్చుకుని వచ్చినవారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని ఆపనివ్వలేదు. 1874లో శుక్రగ్రహం సూర్యుడి మీదుగా వెళ్లడాన్ని అక్కడ నుంచే చూశారు. నక్షత్రాలతోపాటు వాతావరణం లెక్కలూ రాసి అచ్చు వేశారు. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో, అంటే ఆ ఇంటి నక్షత్రశాలకు అప్పటికే 35 ఏళ్లు. నాకు అందులో నచ్చింది దుర్భిణి కాదు. మామ పోయినా అల్లుడు ఆపకపోవడం.

ఒక హెచ్చరిక. నీ సీసా మన పెరటి వాన మాత్రమే చెబుతుంది. ఎగువన ఖమ్మం జిల్లాలో పడితే, మన దగ్గర సున్నా ఉన్న రోజున కూడా కట్టలేరు వాగు పొంగుతుంది. పుస్తకంలో వాన లేదు కదా అని తోటమూల చప్టా మీద సైకిలు దించావో, ఆ వాతావరణ కేంద్రం అటక ఎక్కుతుంది.

ఇప్పుడు అసలు పని. మీ నాన్న పత్తి గింజలు తెచ్చి ఉంచాడని రాశావు. కిందటేడు తొలకరి జల్లుకే విత్తి, తర్వాత పది రోజులు ఎండ కాస్తే మొలకలు మాడిపోయి మళ్లీ ప్యాకెట్లు కొన్నాం. వర్షాధారపు పత్తికి 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడి నేల లోపలిదాకా తడవాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే నాలుగు వేల లీటర్ల పైమాటే. 25 పడితే లక్ష లీటర్లు. అంత పడినట్టు కనిపించినా అది చాలదన్నమాట. నేను వచ్చాక నా సీసా ఎవరూ చూసి ఉండరు. ఈ ఉత్తరం చేరిన మర్నాడు ఎనిమిదిన్నరకు అందులో నీళ్లు సిరంజితో కొలిచి, 7.85తో భాగించి, ‘ఇన్ని రోజులది కలిపి’ అని రాసి, సీసా ఖాళీ చెయ్యి. ఆ రోజు నుంచి పుస్తకం నీది.

వచ్చిన అంకె మీ నాన్నకు చెప్పి, నాకూ రాయి. 60 దాటకపోతే గింజల ప్యాకెట్లు బీరువాలోంచి తీయొద్దని తాతయ్య అన్నాడని చెప్పు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య